పేరు ఎవరిది, నేరం ఎవరిది: బస్తర్ కోర్టుల్లో గుర్తింపు చోరీ కేసులు

2024 డిసెంబరులో బస్తర్ జిల్లాలోని తాలూర్ అనే పల్లె పేరు దేశమంతా మారుమోగింది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం వివాహిత మహిళలకు నెలకు 1,000 రూపాయల చొప్పున ఇచ్చే మహతారీ వందన్ పథకం జాబితాలో, ఆ ఊరి లబ్ధిదారుగా సినీనటి సన్నీ లియోన్ పేరు బయటపడింది. భర్త పేరు రాయాల్సిన గడిలో ఒక విదేశీ నటుడి పేరు ఉంది. సొమ్ము మాత్రం నెలనెలా జమ అవుతూనే వచ్చింది. కలెక్టర్ విచారణకు ఆదేశించి, ఖాతాను నిలిపివేసి డబ్బు రాబట్టమన్నారు. స్థానికుడైన ఒక వ్యక్తిపై కేసు పెట్టారు. దరఖాస్తును సరిచూడాల్సిన కిందిస్థాయి సిబ్బందిపైనా చర్యలు మొదలయ్యాయి. తన పేరును ఇలా వాడుకోవడం బాధాకరమని నటి బహిరంగంగానే అన్నారు. నాలుగు రోజులు జనం నవ్వుకున్నారు, తర్వాత మరిచిపోయారు.

అది నవ్వి వదిలేయదగ్గ కేసు కాదు. గుర్తింపు చోరీ నేరాన్ని మన మేజిస్ట్రేటు కోర్టులు ఎలా చూస్తున్నాయో తెలుసుకోవాలనుకునేవారికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. అక్కడ పోయింది ఎవరి గుర్తింపు? నటిదా అంటే ఆమెకు పైసా నష్టం లేదు. ప్రభుత్వానిదా అంటే పోయింది డబ్బే గాని గుర్తింపు కాదు. అర్హత ఉండీ కాగితం ముక్క లేక జాబితాకెక్కని ఏ మడియా గోండు ఆడమనిషిదో అంటే ఆమె పేరు ఆ ఫైల్లో ఎక్కడా ఉండదు. ఈ మూడు జవాబులు మూడు వేర్వేరు సెక్షన్ల వైపు తీసుకుపోతాయి. సెక్షన్ మారితే బెయిలు మారుతుంది, శిక్ష మారుతుంది, కొన్నిసార్లు నిందితుడు జైల్లో గడిపే నెలలు కూడా మారిపోతాయి.

2000 నాటి సమాచార సాంకేతిక (ఐటీ) చట్టంలో గుర్తింపు చోరీ అనే నేరమే లేదు. 2008లో దాన్ని సవరించి 2009 అక్టోబరు 27 నుంచి అమల్లోకి తెచ్చినప్పుడు 66సి, 66డి సెక్షన్లు వచ్చాయి. మోసపూరితంగా గాని, అక్రమ లాభం కోసం గాని మరొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని, పాస్‌వర్డ్‌ను, లేదా ఆ మనిషికే ప్రత్యేకమైన మరే గుర్తింపు లక్షణాన్నయినా వాడుకోవడం 66సి కింద నేరం. కంప్యూటర్, ఫోను వంటి సాధనంతో వేరే మనిషినని నమ్మించి మోసం చేయడం 66డి కింద నేరం. రెండింటికీ గరిష్ఠ శిక్ష 3 ఏళ్ళ జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. రెండూ బెయిలబుల్ నేరాలే. దర్యాప్తు చేసే అధికారి ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గకూడదు.

ఈ కొలతతో తాలూర్ కేసును చూస్తే మొదటి చిక్కు వెంటనే ఎదురవుతుంది. పేరు ఒక్కటే మనిషికి ప్రత్యేకమైన గుర్తింపు లక్షణం అవుతుందా? ఒకే పేరున్నవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. ఆధార్ సంఖ్య, వేలిముద్ర, పాస్‌వర్డ్ అలాంటివి కావు. నటి పేరు మాత్రమే వాడి, ఆమె ఆధార్‌ను గాని మరే పత్రాన్ని గాని ముట్టుకోకపోతే 66సి నిలవడం కష్టం. వేరే మనిషినని నమ్మించి మోసం చేయడమనే పాత నేరం మాత్రం చక్కగా నిలుస్తుంది. భారత శిక్షాస్మృతి 416వ సెక్షన్ వివరణ ప్రకారం, ఎవరి పేరు పెట్టుకున్నాడో ఆ మనిషి నిజంగా ఉన్నా, ఊహలో పుట్టినా నేరం నేరమే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అదే వివరణ 319వ సెక్షన్‌లోకి వచ్చింది. శిక్ష మాత్రం 3 ఏళ్ళ నుంచి 5 ఏళ్ళకు పెరిగింది.

జనం పెద్దగా పట్టించుకోని కోణం మరొకటి ఉంది. ఇలాంటి పథకాల్లో దరఖాస్తు ఊరి స్థాయి ఉద్యోగి లాగిన్ ద్వారా పైకి వెళ్తుంది. ఆ లాగిన్‌ను ఇంకొకరు వాడి ఉంటే అసలైన 66సి నేరం అక్కడే జరిగినట్టు. ఉద్యోగే చూసీచూడకుండా వదిలేసి ఉంటే అది వేరే నేరం. పత్రికలు ప్రఖ్యాత నటి చుట్టూ తిరిగాయి గాని, కోర్టు తిరగాల్సింది ఆ లాగిన్ చుట్టూ. ఏ ఫోను నుంచి, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరి పాస్‌వర్డ్‌తో అన్నది తేలితేనే మిగతా కథ నిలబడుతుంది.

66సి, 66డి సెక్షన్లు రాకముందు కోర్టులు ఇలాంటి కేసులను ఎలా నెట్టుకొచ్చాయో తెలిపే కేసులు రెండున్నాయి. 2003లో ఢిల్లీలో సీబీఐ నడిపిన కేసులో, నోయిడా కాల్‌సెంటర్‌లో పనిచేసే యువకుడొకడు అమెరికా మహిళ క్రెడిట్ కార్డు వివరాలు సంపాదించి, ఆమె పేరు మీద సోనీ సంస్థ వెబ్‌సైట్‌లో టీవీ, హెడ్‌ఫోను తెప్పించుకున్నాడు. ఐటీ చట్టంలో తగిన సెక్షన్ లేకపోవడంతో శిక్షాస్మృతిలోని 418, 419, 420లతోనే నేరం రుజువు చేశారు. ముద్దాయి వయసు 24 ఏళ్ళు, అంతకు ముందు నేరచరిత్ర లేదు. కోర్టు జైలుకు పంపకుండా ఏడాది ప్రొబేషన్‌తో వదిలింది. రెండోది చెన్నై ఎగ్మూరు కోర్టు 2004 నవంబరు 5న తీర్పు చెప్పిన సుహాస్ కట్టి కేసు. విడాకులు తీసుకున్న మహిళ పేరిట యాహూ గ్రూపులో ఆమే రాసినట్టు అసభ్య సందేశాలు పెట్టి, ఫోను నంబరు కూడా ఇచ్చాడు నిందితుడు. కేసు పెట్టిన ఏడు నెలల్లోపే శిక్ష పడింది. ఫిర్యాదు చేసిన మనిషి ఎదురుగా ఉండి, నష్టం స్పష్టంగా కనిపించి, పోలీసులు లాగ్ రికార్డులు వెంటనే పట్టుకుంటే పాత చట్టంతో కూడా పని జరిగిందని ఈ రెండు కేసులూ చూపిస్తున్నాయి.

ఇప్పుడు సెక్షన్ల కొరత లేదు, ఉన్నవే ఎక్కువయ్యాయి. 66సి, 66డి మాత్రమే పెడితే నిందితుడు ఆ రోజే పూచీకత్తుపై ఇంటికి వెళ్ళిపోతాడు. అందుకని పోలీసులు మోసానికి 420, నకిలీ పత్రాలకు 467, 468, 471 జోడించడం రివాజైంది. 420 బెయిలబుల్ కాదు, ఏడేళ్ళ వరకు శిక్ష ఉంది. ఇప్పుడది న్యాయ సంహితలో 318(4) అయింది. ప్రత్యేక చట్టం ఉన్నచోట సాధారణ చట్టాన్ని కూడా మోపవచ్చా అన్న ప్రశ్న అక్కడే పుట్టింది. 2016 డిసెంబరులో శరత్‌బాబు దిగుమర్తి కేసులో సుప్రీంకోర్టు, అశ్లీల సమాచారం విషయంలో ఐటీ చట్టం కింద నేరం నిలవకపోతే శిక్షాస్మృతి కింద విడిగా విచారించడం కుదరదంది. దాన్ని పట్టుకుని 2018లో బొంబాయి హైకోర్టు గగన్ హర్ష్ శర్మ కేసులో డేటా దొంగతనం ఆరోపణకు ఐటీ చట్టమే చాలునని చెప్పి శిక్షాస్మృతి సెక్షన్లు కొట్టేసింది. ఈ తీర్పుల సంగతి హైదరాబాద్‌లోనో ముంబయిలోనో మంచి వకీలును పెట్టుకోగలవాడికి తెలుస్తుంది. సుక్మాలో పట్టుబడిన కూలీకి ఎవరు చెబుతారు?

కొత్త సంహితలోని 111వ సెక్షన్ ఇంకా బరువైనది. వ్యవస్థీకృత నేరాల జాబితాలో సైబర్ నేరాలనూ చేర్చింది. ప్రాణనష్టం లేకపోయినా కనీస శిక్ష 5 ఏళ్ళు, గరిష్ఠంగా యావజ్జీవం. అయితే గత పదేళ్ళలో ఒకటికి మించి ఛార్జిషీట్లు దాఖలైన ముఠా కార్యకలాపమై ఉండాలన్న షరతు ఆ సెక్షన్‌లోనే ఉంది. రిమాండు కోరిన రోజున మేజిస్ట్రేటు ఆ షరతు నెరవేరిందా అని అడగాలి. 2014 అర్నేష్ కుమార్ తీర్పు ప్రకారం ఏడేళ్ళ వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు దానంతటది జరిగిపోకూడదు, ముందు నోటీసు ఇవ్వాలి. 420 ఉంది కాబట్టి లోపలేశాం అన్న మాట కోర్టులో చెల్లకూడదు.

జాతీయ నేర గణాంకాల్లో 2022 సంవత్సరానికి దేశమంతా 65,893 సైబర్ నేరాలు నమోదయ్యాయి. వాటిలో 15,297 ఒక్క తెలంగాణవే, అంటే దాదాపు నాలుగో వంతు. ఛత్తీస్‌గఢ్ లెక్క మాత్రం వందల్లోనే ఆగింది. తెలంగాణలో మోసగాళ్ళు ఎక్కువ, ఛత్తీస్‌గఢ్‌లో తక్కువ అని దీన్ని చదివితే తప్పు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసి చెప్పగలిగినవాడు, ఠాణాకు వెళ్తే ఎఫ్ఐఆర్ రాస్తారన్న నమ్మకం ఉన్నవాడు ఈ లెక్కలోకి వస్తాడు. బస్తర్ డివిజన్‌లో ఏడు జిల్లాలున్నాయి. అడవిలోపలి ఊళ్ళలో చాలామందికి ఠాణా అంటే ఫిర్యాదు చేసే చోటుగా కన్నా పట్టుకుపోయే చోటుగానే రెండు దశాబ్దాలుగా అనుభవం.

తెలుగు నేల మీద జరిగిన ఒక కేసు ఈ నేరం ఎంత సులువో తేల్చిచెప్పింది. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారానికి చెందిన సిమ్‌కార్డుల వ్యాపారి పట్టుబడ్డాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా ఉన్న భూమి దస్తావేజుల నుంచి జనం వేలిముద్రలు, ఆధార్ సంఖ్యలు తీసుకున్నాడు. రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో సుమారు 3,000 వేలిముద్రలకు నకళ్ళు తయారుచేశాడు. వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. కంపెనీ పెట్టిన అమ్మకాల లక్ష్యం అందుకోవడానికే ఇదంతా. ఆ దస్తావేజుల్లోని రైతుల్లో ఒక్కరికి కూడా తమ వేలు ఇంకొకరి చేతిలో ఉందన్న సంగతి తెలియదు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలిముద్ర పోతే మార్చుకునేదేముంది? ఆ తర్వాతి ఏళ్ళలో ఆధార్ ఆధారిత చెల్లింపుల ద్వారా ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలు కూడా ఇదే దారి పట్టాయి. బస్తర్‌లోనూ ఉపాధి కూలి, పింఛను, మహతారీ సొమ్ము తీసుకోవాలంటే చాలా ఊళ్ళలో బ్యాంకు మిత్ర చిన్న యంత్రం మీద వేలు పెట్టడమే మార్గం. రెండుసార్లు వేలు పెట్టించి, మొదటిసారి పడలేదని చెబితే నమ్మక తప్పదు.

ఇలా మోసపోయిన మనిషి ఆధార్ చట్టం కింద నేరుగా కోర్టుకు వెళ్దామనుకుంటే 2016 నాటి మూలచట్టంలో తలుపు మూసి ఉంది. 47వ సెక్షన్ ప్రకారం ఆధార్ ప్రాధికార సంస్థ ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు కేసును స్వీకరించడానికి లేదు. గుర్తింపు ఎవరిదో వారికి కాక, నంబరు ఇచ్చిన సంస్థకు మాత్రమే ఆ హక్కు ఉండేది. 2018 సెప్టెంబరు 26న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు ఇది సరికాదని, వ్యక్తికీ అవకాశం ఉండాలని చెప్పింది. 2019 సవరణతో కొన్ని నేరాల్లో ఆధార్‌దారు కూడా ఫిర్యాదు చేయవచ్చు. చట్టం ఒప్పుకుని ఇన్నేళ్ళయినా ఠాణాల్లో రాసే సెక్షన్లలో ఆధార్ చట్టం కనిపించడం అరుదు. ఐటీ చట్టం, మోసం సెక్షన్లు చేతికి అలవాటైపోయాయి.

గుర్తింపు పోయినవాడే ముద్దాయిల బోనులో నిలబడే సందర్భం మరీ దుర్భరం. భిలాయ్‌లో మూలాలున్న మహాదేవ్ బెట్టింగ్ యాప్ వ్యవహారం ఛత్తీస్‌గఢ్‌కు మ్యూల్ ఖాతా అంటే ఏమిటో నేర్పింది. పేదవాళ్ళ పేరుతో ఖాతా తెరిపించడం, పాసుపుస్తకం, ఏటీఎం కార్డు, సిమ్ తీసేసుకోవడం, చేతిలో రెండు మూడు వేలు పెట్టడం, ఆ ఖాతా గుండా లక్షలు తిప్పడం. 2025 ఆరంభంలో రాయపూర్ రేంజ్ పోలీసులు ఆపరేషన్ సైబర్ షీల్డ్ పేరుతో ఇలాంటి ఖాతాదారులను పెద్ద సంఖ్యలో అరెస్టు చేశారు. వారిలో కమీషన్ కోసం తెలిసే ఇచ్చినవాళ్ళు ఉండవచ్చు. రుణం ఇప్పిస్తామంటేనో పథకం డబ్బు పడుతుందంటేనో సంతకం చేసినవాళ్ళూ ఉంటారు. ఖాతా తన పేరున ఉంది, డబ్బు అందులో పడింది. ఛార్జిషీటుకు ఈ రెండూ చాలు. నేరం రుజువు కావడానికి మాత్రం చాలవు. మోసపూరిత ఉద్దేశం అన్న మాట 66సిలో ఉన్నది అందుకే. తెలిసి ఇచ్చాడా, తెలియక ఇచ్చాడా అన్నది ప్రాసిక్యూషన్ నిరూపించాలి గాని, తెలియదని ముద్దాయి నిరూపించుకోవడం కాదు.

అమెరికాలో ఇదే ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2008 మే 12న అయోవా రాష్ట్రంలోని పోస్ట్‌విల్ అనే చిన్న పట్నంలో మాంసం ఫ్యాక్టరీ మీద దాడిచేసి 389 మంది వలస కార్మికులను పట్టుకున్నారు. ఎక్కువమంది గ్వాటెమాలా పల్లెలవాళ్ళు. పనిలో చేరడానికి ఇచ్చిన గుర్తింపు నంబరు నిజంగా ఇంకొకరిదని చాలామందికి తెలియదు. అయినా తీవ్రమైన గుర్తింపు చోరీ కేసు పెడతామని, కనీసం రెండేళ్ళు తప్పదని చెప్పడంతో, రోజుల వ్యవధిలో దాదాపు 300 మంది చిన్న నేరాలు ఒప్పుకుని జైలుకు వెళ్ళారు. దాదాపు ఏడాదికి, 2009 మే 4న, ఫ్లోరెస్ ఫిగెరోవా కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా, ఆ నంబరు మరో నిజమైన మనిషిదని నిందితుడికి తెలుసని రుజువు చేయాలని తేల్చింది. 2023లో డ్యూబిన్ కేసులో ఇంకా బిగించి, మోసంలో గుర్తింపు వాడకమే కీలకం కావాలి గాని బిల్లులో ఎవరి పేరో ఉన్నంతమాత్రాన చాలదని చెప్పింది. పోస్ట్‌విల్‌లో శిక్ష పడినవాళ్ళకు ఫ్లోరెస్ ఫిగెరోవా తీర్పు ఆలస్యంగా వచ్చింది. మన మ్యూల్ ఖాతాల కేసుల్లో అంతదాకా ఆగనక్కర లేదు. ఆ ప్రశ్న రిమాండు రోజునే అడగవచ్చు.

నేరం చేసింది బయటివాడయితే ఒక దారి, ప్రభుత్వం లోపలివాడయితే మరో దారి కనిపిస్తుంది. సుక్మాలో 2021, 2022 సీజన్లకు తునికాకు సేకరించినవాళ్ళకు రావలసిన బోనస్ దాదాపు 7 కోట్ల రూపాయలు దారి మళ్ళిందన్న ఆరోపణ మీద, 2025 ఏప్రిల్‌లో అక్కడి అటవీ అధికారిని ఆర్థిక నేరాల విభాగం అరెస్టు చేసింది. ముందుగా ఫిర్యాదు చేసింది మాజీ ఎమ్మెల్యే మనీష్ కుంజామ్. ఇలాంటి వ్యవహారాలను కోర్టులు నమ్మకద్రోహం, అవినీతి సెక్షన్ల కిందే చూస్తాయి. ఆరోపణ నిలుస్తుందో లేదో కోర్టు తేల్చాలి. అయితే ఏ పేర్ల మీద సొమ్ము మంజూరైందో ఆ ఆకు కోసిన మనుషులు అలాంటి కేసుల్లో బాధితులుగా గాక, మహా అయితే సాక్షులుగా కనిపిస్తారు. తమ పేరు వాడుకోవడం వల్ల తమకేం నష్టం జరిగిందో చెప్పే అవకాశం వాళ్ళకు రావాలి. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత బాధితుడి నిర్వచనాన్ని కుదించలేదు. అడిగేవాళ్ళే లేరు.

ఇక్కడే బస్తర్ మిగతా దేశం నుంచి వేరుపడుతుంది. గుర్తింపు చోరీ చట్టం ఒక నమ్మకం మీద నిలబడి ఉంది. ప్రతి మనిషికీ కచ్చితమైన, ఒకరితో ఒకరిది కలవని కాగితపు గుర్తింపు ఉందన్న నమ్మకమది. గోండీ, హల్బీ, దోర్లి మాట్లాడే ఊళ్ళలో పేర్లు హిందీ గుమాస్తా కలం కింద పడి ఒక్కో కాగితంలో ఒక్కోలా మారాయి. మడ్కామి ఒకచోట, మడ్కం ఒకచోట, మర్కాం ఒకచోట. హిడ్మా, జోగా, భీమా, దేవా ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక వేలమంది సరిహద్దు దాటి ఖమ్మం, భద్రాచలం, ఏటూరునాగారం అడవులకు వచ్చారు. మన దగ్గర గుత్తికోయలని పిలిచే ఆ కుటుంబాల్లో చాలామందికి ఒక రాష్ట్రంలో రేషన్ కార్డు, మరో రాష్ట్రంలో ఆధార్, రెండింటిలో రెండు రకాల పేరు. ఏటా మిరపకోతలకు వచ్చిపోయేవాళ్ళదీ అంతే. మోసం చేద్దామని కాదు, బతుకు రెండు చోట్ల పడింది గనుక రెండు కాగితాలు పుట్టాయి. అనుమానంతో చూసే అధికారికి అదే నేరంలా కనిపిస్తుంది.

దీనికి అవతలి కొస కూడా కోర్టు రికార్డులోనే ఉంది. నిందితుడు దొరక్కపోతే జారీ అయ్యే శాశ్వత వారంట్లలో పేరు, తండ్రి పేరు, ఊరు తప్ప మరేమీ ఉండదు. పదేళ్ళ తర్వాత ఆ పేరున్నవాడు సంతలో కనిపిస్తే పట్టుకుపోవడం, అసలు మనిషి తాను కానని చెప్పుకోవడానికి నెలలు పట్టడం బస్తర్‌లో పనిచేసే న్యాయవాదులు ఎన్నాళ్ళుగానో ఎత్తిచూపుతున్న విషయం. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. తర్వాత చుట్టుపక్కల పల్లెల నుంచి 120 మందికి పైగా ఆదివాసులను అరెస్టు చేశారు. 2022 జులైలో దంతెవాడ ఎన్ఐఏ ప్రత్యేక కోర్టు 121 మందినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. వాళ్ళు మావోయిస్టు దళానికి చెందినవాళ్ళని గాని, ఆ రోజు అక్కడ ఉన్నారని గాని నిరూపించే సాక్ష్యం లేదంది. అప్పటికి ఐదేళ్ళు గడిచాయి. జగ్దల్‌పూర్ లీగల్ ఎయిడ్ గ్రూప్ సమాచార హక్కు కింద సేకరించిన లెక్కల్లో 2005 నుంచి 2012 వరకు దంతెవాడ సెషన్స్ కోర్టులో నిర్దోషులుగా తేలిన కేసులు సగటున 95.7 శాతం. చోరీ కేసులో ఒకడు ఇంకొకడి పేరు తీసుకుంటాడు. ఇక్కడ ప్రభుత్వమే ఒకడికి ఇంకొకడి పేరు తగిలించింది. రెండింటిలోనూ మేజిస్ట్రేటు మొదటి రోజు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, ఈ మనిషి ఎవరు?

కోర్టు ఆవరణలోనే జరిగే గుర్తింపు చోరీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఛత్తీస్‌గఢ్‌లో జామీను ఉండేవాడు భూమి చూపించడానికి రుణ్ పుస్తిక తెస్తాడు, మన పట్టాదారు పాసుపుస్తకం లాంటిది. నకిలీ పుస్తికలతో, ఇంకొకరి పేరు చెప్పి జామీను నిలబడేవాళ్ళు అక్కడి కోర్టులకు కొత్త కాదు. హైదరాబాద్‌లో నాంపల్లి, రంగారెడ్డి కోర్టుల పరిసరాల్లోనూ నకిలీ జామీనుదారుల ముఠాలను పోలీసులు పలుమార్లు పట్టుకున్నారు. కోర్టు వ్యవహారంలో వేరే మనిషినని చెప్పుకోవడం శిక్షాస్మృతి 205 కింద నేరం, న్యాయ సంహితలో అది 242. విశేషమేమంటే ఈ నేరంపై ఆ కోర్టే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, పోలీసుల ఛార్జిషీటు చాలదు. పనిభారంతో ఉన్న మేజిస్ట్రేటు తానే ఫిర్యాదుదారు కావడానికి ఎంతమాత్రం తీరిక చూసుకోగలడు? నకిలీ జామీనుదారు పుట్టడానికి కారణం కూడా కోర్టు అడిగే భూమి కాగితమే. పట్టా లేని ఆదివాసికి సొంత ఊళ్ళో జామీను దొరకడు, డబ్బుకు నిలబడేవాడు దొరుకుతాడు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు, బెయిలు వచ్చి నెలలోగా పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే ఆలోచించాలని, స్థానిక జామీనే కావాలని పట్టుబట్టవద్దని ఆదేశించింది. దాన్ని అమలుచేస్తే బెయిలూ వస్తుంది, నకిలీ జామీను గిరాకీ కూడా తగ్గుతుంది.

కులం పేరిట జరిగే చోరీ సంగతి వేరే వ్యాసమంత ఉంది. 2023 జులైలో రాయపూర్‌లో కొందరు దళిత, ఆదివాసీ యువకులు బట్టలు విప్పి రోడ్డెక్కింది నకిలీ కులపత్రాలతో ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళ మీద చర్య లేదనే. 1994 మాధురీ పాటిల్ తీర్పుతో పరిశీలన కమిటీలు వచ్చాయి. 2017 జగదీశ్ బహీరా తీర్పు అలాంటి ఉద్యోగాన్ని కాపాడటం కుదరదంది. క్రిమినల్ కోర్టు దాకా వచ్చేవి మాత్రం కొద్దే, కమిటీలో ఏళ్ళు, హైకోర్టు స్టేలో మరికొన్నేళ్ళు.

సాక్ష్యం దగ్గర ఈ కేసులు ఎక్కువగా కూలిపోతాయి. బ్యాంకు లావాదేవీలు, సిమ్ దరఖాస్తు, ఐపీ చిరునామా, ఏటీఎం కెమెరా దృశ్యాలు, ఇవన్నీ ఎలక్ట్రానిక్ సాక్ష్యాలే. 2014 అన్వర్ తీర్పు, 2020 జులై 14 నాటి అర్జున్ పండిత్‌రావ్ తీర్పు పాత సాక్ష్య చట్టం 65బి సెక్షన్ కింద ధ్రువపత్రం తప్పనిసరి అన్నాయి. కొత్త సాక్ష్య చట్టంలో అది 63వ సెక్షన్‌గా మారి, పరికరాన్ని నడిపేవారితో పాటు నిపుణుడి సంతకం కూడా కావాలంటోంది. జగ్దల్‌పూర్ బ్యాంకు శాఖ మేనేజరు ఇచ్చిన ఖాతా నకలు మీద ఆ ధ్రువపత్రం లేకపోతే ఆరేళ్ళ తర్వాత విచారణలో అది చెత్తకాగితమే. అప్పటికి కెమెరా దృశ్యం చెరిగిపోయి ఉంటుంది, మేనేజరు బదిలీ అయి ఉంటాడు. బస్తర్ రేంజ్‌కు సైబర్ ఠాణా ఉంది గాని, మారుమూల కేసు అక్కడికి చేరేసరికి తొలిరోజుల విలువైన సమయం పోతుంది. ప్రతి ఠాణాలో ఆ ధ్రువపత్రం నమూనా, ఏయే సంస్థకు మొదటివారంలోనే ఏ ఉత్తరం రాయాలో తెలిసిన ఒక్క మనిషి ఉంటే నిలబడే కేసుల సంఖ్య మారుతుంది.

భాష మాట కూడా చెప్పాలి. నిందితుడికి అర్థం కాని భాషలో సాక్ష్యం చెబితే తర్జుమా చేసి వినిపించాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 279వ సెక్షన్‌లో ఉంది, కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 314వ సెక్షన్‌లో ఉంది. కుంట ప్రాంతపు దోర్లి మనిషికి హిందీ కన్నా తెలుగు దగ్గర. ఓటీపీ, కేవైసీ, లాగిన్ లాంటి మాటలతో నిండిన సాక్ష్యాన్ని అతనికి గోండీలోనో దోర్లిలోనో విడమరిచి చెప్పగల దుబాసీ కోర్టులో ఉండటం అదృష్టం మీద ఆధారపడకూడదు. చెప్పింది అర్థం కాకుండా తలూపితే అది ఒప్పుకోలు అవుతుంది. నష్టపరిహారం కోసం ఐటీ చట్టం కింద రాష్ట్ర ఐటీ కార్యదర్శి ముందు దావా వేయవచ్చు, అది రాయపూర్‌లో. హైకోర్టు బిలాస్‌పూర్‌లో, జగ్దల్‌పూర్ నుంచి దాదాపు 400 కిలోమీటర్లు. పోయింది 3,000 రూపాయలైతే బస్సు ఛార్జీ, కూలి నష్టం కలిపి అంతకన్నా ఎక్కువ.

అందుకే చాలా కేసులు రాజీలో ముగుస్తాయి. 66సి, 66డి రాజీపడదగ్గవే, మోసం కేసును కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చు. డబ్బు తిరిగివచ్చి బాధితుడు సంతృప్తిపడితే రాజీ మంచిదే. ఎవరి పేరు వాడారో వాళ్ళు చర్చలో లేకుండా, డబ్బు పోయిన బ్యాంకూ దొరికినవాడూ కూర్చుని తేల్చుకుంటే మాత్రం అది సగం న్యాయమే. ఆ పేరు మీద తెరిచిన ఖాతా, సిమ్, రుణం అలాగే మిగిలి, రేపు ఇంకో ఠాణా నుంచి నోటీసు తెస్తాయి. రాజీ ఉత్తర్వులోనే ఆ పేరు మీది నకిలీ ఖాతాలను మూయించమని, రుణచరిత్రను సరిచేయమని బ్యాంకుకు, టెలికాం కంపెనీకి కోర్టు ఆదేశం ఇవ్వాలి.

సొమ్ము తిరిగి ఇప్పించే విషయంలో తెలంగాణ 2024లో ఒక దారి వేసింది. రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థ, సైబర్ సెక్యూరిటీ బ్యూరో కలిసి, ఫిర్యాదు అందగానే బ్యాంకుల్లో స్తంభింపజేసిన డబ్బును జాతీయ లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిప్పి ఇప్పించడం మొదలుపెట్టాయి. ఆధారం పాత కోడ్‌లోని 457వ సెక్షన్, ఇప్పటి 503. స్వాధీనం చేసుకున్న ఆస్తిని హక్కుదారుకు అప్పగించే సాధారణ అధికారమే అది. కేసు ముగిసేదాకా ఆగనక్కర లేదు. జగ్దల్‌పూర్, దంతెవాడ, సుక్మా న్యాయసేవా సంస్థలు ఈ దారి పట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. జిల్లాలో ఏ బ్యాంకు శాఖలో ఎన్ని ఖాతాలు ఎవరి ఫిర్యాదు మీద ఆగిపోయి ఉన్నాయో ఒక పట్టిక కావాలి. సంత రోజున కుంటలోనో గీదంలోనో బల్ల వేసుకుని కూర్చుని, గోండీలోనో తెలుగులోనో అడిగి, 503 కింద దరఖాస్తు రాసిపెట్టే పారాలీగల్ వాలంటీరు కావాలి. అతని పారితోషికం న్యాయసేవా సంస్థల నిధుల నుంచే ఇవ్వవచ్చు.